రెండవ ప్రతి ఎక్కడ ఉన్నది?

అధ్యయన పాఠము: కుటుంబములకు, యౌవనస్థులకు, సంఘ కార్యదర్శులకు

చదువవలసిన భాగము: యిర్మీయా 32:6–15

ముఖ్యాంశము: ఒక్క చోట మాత్రమే ఉన్న కాగితము, ఆ చోటు ఇనుప పెట్టె అయినను క్లౌడ్ అయినను, భద్రముగా ఉన్నట్లు కాదు.



నార్పోలిలోను, పద్మనగర్‌లోను, కామత్‌ఘర్‌లోను స్థిరపడిన మన కుటుంబములలో ఒకప్పుడు ప్రతి ఇంటికి ఒక ట్రంకు పెట్టె ఉండెడిది. ఊరి పొలము పట్టాదారు పాసు పుస్తకము, పిల్లల జనన సర్టిఫికెట్లు, పదవ తరగతి మెమో, ఎల్.ఐ.సి. బాండు, గదికి ఇచ్చిన డిపాజిట్ పావతి, పెండ్లి ఫోటోలు, చనిపోయిన తల్లిదండ్రుల ఫోటో ఒకటి, ఇవన్నియు ఆ పెట్టెలో ఉండెడివి. నేడు ఆ పెట్టె చాలమంది ఇండ్లలో ఖాళీ అగుచున్నది. అన్నిటికి ఫోనులో ఫోటో తీసికొని, "క్లౌడ్‌లో ఉన్నది, ఇక భయము లేదు" అనుచున్నాము. ఈ మాట ఎంతవరకు నిజము? దీనిని ఈ పాఠములో పరిశీలించుదము.

1. పెట్టె ఒక్కటే చాలదు

మొదట క్లౌడ్ వలన కలిగిన మేలును ఒప్పుకొనవలెను. భివండిలో కాగితము ఎంత తేలికగా నాశనమగునో మనకు తెలియును. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రూజ్‌లో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వర్షము కురిసినప్పుడు మన భివండిలోను పల్లపు బస్తీలలోనికి నీరు చొచ్చినది. మంచము క్రింద పెట్టిన పెట్టెలలో తడిసిన కాగితములు ఎండబెట్టినను అక్షరములు నిలువలేదు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండులో మూడంతస్తుల జిలానీ భవనము కూలి 30 మందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. ప్రాణములతో బయటపడినవారికి సయితము ఇల్లు, సామాను, కాగితములు మిగులలేదు.

అట్టి దినమున కాగితము యొక్క ఫోటో వేరొక చోట ఉన్నవాడు ధన్యుడు. నంబరు చెప్పగలిగినవానికి నకలు త్వరగా దొరకును. నంబరు తెలియనివాడు ఆఫీసుల చుట్టు తిరుగవలెను. కాబట్టి క్లౌడ్ వాడవద్దని ఈ పాఠము చెప్పుట లేదు. క్లౌడ్ ఒక్కదానినే నమ్ముకొనవద్దని చెప్పుచున్నది.

2. క్లౌడ్ అనగా ఒక గోదాము

క్లౌడ్ అను మాటకు మేఘము అని అర్థము. కాని మన ఫోటోలు ఆకాశములో ఉండవు. అవి ఇటుక, సిమెంటుతో కట్టిన భవనములలో, కరెంటుతో నడుచు యంత్రములలో ఉండును. అట్టి భవనములు మనకు దూరమేమియు కాదు. థానే ఖాడీకి అవతల ఐరోలి, రబాలే ప్రాంతములలో ఉన్నవి. అమెజాన్ సంస్థ తన క్లౌడ్ కేంద్రమును 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను ప్రారంభించినది. విశాఖపట్నములో పెద్ద కేంద్రము కట్టెదమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది.

భివండివారికి దీనిని వివరించుట సులభము. మన చుట్టు ఉన్నవన్నియు గోదాములే. ఇతరుల గోదాములో మాల్ పెట్టిన ప్రతి వ్యాపారి మూడు ప్రశ్నలు అడుగును. అద్దె షరతులేమి? తాళపుచెవి ఎవరి యొద్ద ఉన్నది? నిప్పంటుకొనిన యెడల నా గతి ఏమి? బట్ట తానుల విషయములో ఇంత జాగ్రత్తగా ఉండు మనము, బిడ్డల సర్టిఫికెట్ల విషయములో ఈ మూడు ప్రశ్నలలో ఒక్కటియు అడుగుట లేదు. ఒక్కొక్కటి చూచెదము.

3. అద్దె షరతులేమి?

ఉచితముగా ఇచ్చిన గోదాముకు యజమాని ఎప్పుడైనను షరతులు మార్చవచ్చును. గూగుల్ ఫోటోస్ 2015లో ప్రారంభమైనప్పుడు కొంత తగ్గించిన నాణ్యతతో ఎన్ని ఫోటోలైనను ఉచితముగా దాచుకొనవచ్చునని చెప్పిరి. 2021 జూన్ 1 నుండి ఆ సదుపాయము ఆగిపోయినది. ఆ తరువాత పెట్టినవన్నియు 15 జీబీ ఉచిత స్థలములో లెక్కకు వచ్చుచున్నవి. ఆ స్థలము నిండి, హద్దు దాటి, రెండు సంవత్సరములు అట్లే ఉన్న యెడల అందులోనివి తొలగించు అధికారము తమకు కలదని ఆ సంస్థ తన నియమములలో వ్రాసికొన్నది. అట్లే రెండు సంవత్సరములు ఎవరును తెరువని వ్యక్తిగత ఖాతాలను తొలగించు నియమమును 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుండి అమలుచేయుట మొదలుపెట్టినది.

కొన్ని గోదాములు పూర్తిగా మూతపడును. మన యౌవనస్థులలో పెద్దవారు ఆర్కుట్‌ను ఎరుగుదురు. భారతదేశములో లక్షలమంది వాడిన ఆ సేవ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. ఫోటోలు దించుకొనుటకు గడువు ఇచ్చిరి గాని, ఆ ప్రకటన చూడనివారికి గడువు వలన ప్రయోజనమేమి? మైస్పేస్ అను సంస్థ సంగతి ఇంకను విచారకరము. యంత్రములను మార్చుచుండగా పన్నెండేండ్ల కాలములో జనులు దాచుకొన్న పాటలు పోయినవని 2019లో బయటపడినది. ఇందులో దొంగతనము ఏమియు లేదు. సామాను ఒక గోదాము నుండి మరియొక గోదాముకు మార్చునప్పుడు పోయినట్లే పోయినవి.

4. తాళపుచెవి ఎవరి యొద్ద ఉన్నది?

వలస వచ్చిన కుటుంబములకు అన్నిటికంటె పెద్ద అపాయము ఇక్కడ ఉన్నది. క్లౌడ్ ఖాతాకు తాళపుచెవి పాస్‌వర్డ్ మాత్రమే కాదు. అది మరచిపోయినప్పుడు ఓ.టి.పి. వచ్చు ఫోను నంబరే అసలైన తాళపుచెవి. ఆ నంబరు పోయిన యెడల ఖాతా ఉన్నను మనకు లేనట్లే.

మనలో నంబరు మారుట ఎంత తరచుగా జరుగునో ఆలోచించండి. ఊరికి పోయి నాలుగు నెలలుండి అక్కడ వేరొక సిమ్ము తీసికొందురు. ఇక్కడి సిమ్ముకు రీచార్జి చేయరు. 2020లో లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయినప్పుడు భివండి నుండి వేలాది కార్మికులు స్వగ్రామములకు తరలిపోయినారు. ఆ కాలములో రీచార్జి చేయలేక ఎందరి నంబర్లు పోయినవో! సుమారు మూడు నెలలు వాడకుండ విడిచిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపివేయవచ్చును. ఆపిన తరువాత కనీసము 90 దినములు ఆగి దానిని మరియొకరికి ఇచ్చెదరని 2023లో ట్రాయ్ సంస్థ సుప్రీంకోర్టుకు తెలిపినది. అప్పుడు మన ఓ.టి.పి. పరాయివాని ఫోనుకు పోవును. మనము లోపలికి పోలేకపోవుట ఒక నష్టము, పరాయివాడు పోగలుగుట రెండవ నష్టము.

రెండవ సంగతి మరణము. ఒక కుటుంబమును ఊహించండి. భర్త పేరున ఖాతా, భర్త వ్రేలిముద్రతో తెరచుకొను ఫోను. ఒక దినమున ఆయన హఠాత్తుగా ప్రభువునందు నిద్రించును. బాండు ఫోటో, పి.ఎఫ్. నంబరు, ఊరి పొలము కాగితములు ఆ ఫోనులోనే ఉన్నవి. భార్యకు ఫోను తెరుచుట తెలియదు. ట్రంకు పెట్టె అయిన యెడల తాళము పగులగొట్టవచ్చును. ఈ తాళము పగులదు. 2023లో మన దేశములో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో, మరణము తరువాత తన హక్కులను వినియోగించుటకు ఒకరిని నామినీగా పెట్టుకొను హక్కు వ్రాయబడినది. గూగుల్ ఖాతాలో కూడ, చాలకాలము వాడనప్పుడు ఎవరికి అప్పగించవలెనో ముందుగా చెప్పిపెట్టు ఏర్పాటు 2013 నుండి ఉన్నది. బ్యాంకులో నామినీ పేరు వ్రాయించుకొను మనము ఇక్కడ ఎందుకు వ్రాయము?

మూడవది, గోదాము యజమాని తానే తాళము వేయుట. గుజరాత్‌లో ఒక ఇంజనీరు తన బాల్యపు ఫోటోలను గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకొన్నాడు. వాటిలో రెండేండ్ల వయస్సులో అవ్వ స్నానము చేయించుచున్న ఫోటో ఒకటి ఉన్నది. అది నిషిద్ధమైన చిత్రమని తలంచి 2023లో అతని ఖాతాను నిలిపివేసిరి. ఈమెయిలు సహా అన్నియు మూతపడగా అతడు గుజరాత్ హైకోర్టును ఆశ్రయించెను. 2024 మార్చిలో కోర్టు గూగుల్‌కు నోటీసు ఇచ్చినది. బాలల రక్షణ కొరకు అట్టి తనిఖీ అవసరమే. కాని లక్షల కోట్ల ఫోటోలను పరిశీలించునది యంత్రము. యంత్రము పొరబడినప్పుడు సామాన్యుడు ఎవరి తలుపు తట్టవలెను? గోదాము వాచ్‌మన్‌తో మాటలాడవచ్చును, ఇక్కడ మాటలాడుటకు మనిషి దొరకుటయే కష్టము.

5. నిప్పంటుకొనిన యెడల?

భివండి గోదాములలో మంటలు చెలరేగిన వార్తలు మనకు కొత్త కాదు. క్లౌడ్ గోదాములును కాలును. 2021 మార్చి 10న ఫ్రాన్స్ దేశములోని స్ట్రాస్‌బర్గ్ పట్టణములో ఓ.వి.హెచ్. అను సంస్థ యొక్క ఒక భవనము పూర్తిగా కాలిపోయినది. అదే ఆవరణలో రెండవ ప్రతి ఉన్నవారికి అసలుతోపాటు ప్రతియు పోయినది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరములో ప్రభుత్వ సమాచార కేంద్రములో బ్యాటరీ నుండి మంటలు లేచినవి. ఆరువందలకు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయినవి. ప్రభుత్వోద్యోగులు తమ పని కాగితములు దాచుకొనుటకు ఏర్పాటు చేసిన జీ-డ్రైవ్ అను క్లౌడ్ దగ్ధమై, 858 టెరాబైట్ల సమాచారము పోయినది. అది చాల పెద్దది గనుక వేరొక చోట ప్రతి ఉంచలేదని అధికారులు చెప్పిరి. గమనించండి, అది బీదదేశము కాదు, సాంకేతిక విద్యలో ముందున్న దేశము. రెండవ ప్రతి లేనప్పుడు విద్యయు ధనమును ఆదుకొనలేదు.

దీనికి ఎదురుగా మరియొక సంగతి చూడండి. ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అను పెన్షన్ సంస్థలో ఆరు లక్షలకు పైగా సభ్యులున్నారు. 2024 మే నెలలో గూగుల్ క్లౌడ్‌లో జరిగిన ఒక పొరపాటు అమరిక వలన ఆ సంస్థ క్లౌడ్ ఖాతా మొత్తము తొలగిపోయినది. రెండు వేర్వేరు ప్రాంతములలో ప్రతులున్నను, రెండును ఒకే ఖాతాలో ఉండుట వలన రెండును ఒకేసారి పోయినవి. అయితే ఆ సంస్థవారు మరియొక కంపెనీ యొద్ద వేరుగా ఒక ప్రతి ఉంచుకొనిరి. కొన్ని దినములు సేవలు ఆగినను, దాని సహాయముతో అన్నిటిని మరల నిలబెట్టుకొనిరి.

కొరియాలోను ఆస్ట్రేలియాలోను ఉన్న తేడా ఇంతే. ఒక తాళముతో రెండు గదులు తెరచుకొనిన యెడల అవి రెండు గదులు కావు. ఫోనులోని ఫోటో, క్లౌడ్‌లోని ఫోటో రెండు ప్రతులని మనము అనుకొనుచున్నాము. కాని ఫోనులో చెరిపివేసినది క్లౌడ్‌లో కూడ చెరిగిపోవునట్లు అమరిక ఉన్న యెడల, అది ఒక్క ప్రతియే.

6. పూర్వులు చేసిన విధానము

రెండవ ప్రతి ఉంచుకొనుట నేటి కంప్యూటరు వారు కనిపెట్టిన తెలివి కాదు. మన పాఠ్యభాగములో యిర్మీయా అనాతోతులోని పొలమును హనమేలు యొద్ద 17 తులముల వెండికి కొనెను. యెరూషలేమును శత్రువులు ముట్టడించియున్న దినములవి. అట్టి సమయములోను ఆయన క్రయపత్రము వ్రాయించి, సాక్షుల చేత సంతకములు చేయించి, ముద్రవేసిన ప్రతిని, ముద్రలేని ప్రతిని బారూకు చేతికి అప్పగించి, చాలకాలము నిలుచునట్లు మంటికుండలో పెట్టించెను. విప్పియున్న ప్రతి చదువుకొనుటకు, ముద్రవేసిన ప్రతి అవసరమైనప్పుడు సరిచూచుటకు. ఇంకను ముఖ్యమైనది, ఆ కుండ ఎక్కడ ఉన్నదో యిర్మీయాకు మాత్రమే కాక బారూకుకును తెలియును.

మన సంఘములలో జరుగు వివాహములకును ఇదే పద్ధతి ఉన్నది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వివాహమును రెండు ప్రతులుగా నమోదు చేయవలెను. ఒకటి రిజిస్టరులో ఉండును, మరియొకటి ప్రభుత్వాధికారికి పోవును. సంఘము యొద్ద ఉన్నది చెదలు తినినను మరియొక చోట సాక్ష్యము నిలుచును.

మన భాష సంగతియు అంతే. తాళపత్రములను పురుగు తినును గనుక కాలక్రమమున ఎవరో ఒకరు కూర్చుండి తిరిగి వ్రాయవలసియుండెను. పందొమ్మిదవ శతాబ్దములో సి.పి. బ్రౌన్ దొర పండితులను, లేఖకులను నియమించి, గ్రామగ్రామముల నుండి ప్రతులు తెప్పించి, వాటిని పోల్చి క్రొత్త ప్రతులు వ్రాయించెను. ఒక్క ఇంటిలోనే ఉండిపోయిన గ్రంథము ఆ ఇంటితోనే పోయినది. పలువురు వ్రాసికొన్న గ్రంథము నేటికిని మన చేతిలో ఉన్నది.

7. మరల దొరకునవి, మరల దొరకనివి

ఇప్పుడు మన కాగితములను రెండు రాసులుగా విడదీయుదము.

మొదటి రాసి, ఇచ్చిన ఆఫీసు యొద్ద మూలము ఉన్నవి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి ఇందులో చేరును. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన డిజిలాకర్‌లో వీటిని ఆయా శాఖల నుండి నేరుగా తెచ్చుకొనవచ్చును. అట్లు వచ్చిన పత్రము చట్టము దృష్టిలో అసలుతో సమానము. కాని ఒక భేదము తెలిసికొనవలెను. శాఖ నుండి వచ్చిన పత్రము వేరు, మనమే ఫోటో తీసి అందులో ఎక్కించిన పత్రము వేరు. రెండవది కేవలము నకలు. పాతకాలపు చేతివ్రాత సర్టిఫికెట్లు అన్నియు శాఖల నుండి దొరకవు గనుక, వాటి అసలు కాగితమును ఎన్నడును పారవేయవద్దు.

రెండవ రాసి, లోకములో ఏ ఆఫీసు యొద్దను మూలము లేనివి. తెల్ల కాగితము మీద వ్రాసికొన్న పంపకము, డిపాజిట్ పావతి, సేఠ్ చేతివ్రాతతో ఇచ్చిన లెక్క చీటీ, తండ్రి ఫోటో, తల్లి పాడిన పాట, చనిపోయిన బిడ్డ మాటలు ఉన్న వీడియో. ఇవి పోయిన యెడల ఏ దరఖాస్తు పెట్టినను తిరిగి రావు. అయినను మనము ఆధార్ కార్డుకు పది జిరాక్సులు తీయించి, అమ్మ గొంతును ఒక్క ఫోనులో ఉంచుచున్నాము! మన జాగ్రత్త తలక్రిందులైనది. ఏది మరల దొరకదో దానికే ఎక్కువ ప్రతులు ఉండవలెను.

8. మనము చేయవలసినది

(అ) మూడు చోట్లు. ఒకటి ఫోనులో లేక క్లౌడ్‌లో. రెండవది ఇంటిలో పెన్‌డ్రైవ్ లేక హార్డ్‌డిస్కులో. మూడవది ఊరిలో నమ్మకమైన అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర ఇంటిలో. భివండికి వరద వచ్చిన దినమున కరీంనగర్‌లోనో నల్లగొండలోనో ఉన్న ప్రతి తడువదు.

(ఆ) పెన్‌డ్రైవ్‌ను కూడ గుడ్డిగా నమ్మవద్దు. ఏండ్ల తరబడి వాడక పెట్టెలో పడియున్న యెడల అందులోనివి చెడిపోవచ్చును. సంవత్సరమునకు ఒకమారు, క్రిస్మస్‌కు ఇల్లు సున్నము వేయు దినములలో, దానిని తెరచి చూచి, అయిదారేండ్లకు ఒకమారు క్రొత్తదానిలోనికి మార్చండి.

(ఇ) ముఖ్యమైన ఫోటోలు ఇరువది ముప్పది ఎంచుకొని స్టూడియోలో ప్రింటు వేయించండి. కాగితముపై ఉన్న ఫోటోకు పాస్‌వర్డ్ అవసరము లేదు.

(ఈ) ఖాతాకు కలిపిన ఫోను నంబరును బ్రతికించుకొనండి. నంబరు మార్చవలసి వచ్చిన యెడల, పాత సిమ్ము పనిచేయుచుండగానే క్రొత్త నంబరును ఖాతాలోను, బ్యాంకులోను, ఆధార్‌లోను మార్పించండి. భార్య నంబరునో కుమారుని నంబరునో రెండవ తాళపుచెవిగా పెట్టండి.

(ఉ) పాస్‌వర్డును, పి.ఎఫ్. నంబరును, పాలసీ నంబర్లను ఒక కాగితముపై వ్రాసి కవరులో పెట్టి, అది ఎక్కడ ఉన్నదో ఇంటిలో మరియొకరికి చెప్పండి.

(ఊ) ప్రతులు ఎక్కువ ఉండవలెనని ఆధార్ ఫోటోను వాట్సాప్ గుంపులలో పెట్టవద్దు. జిరాక్స్ షాపు కంప్యూటరులో ఫైలు తెరచినప్పుడు, పని ముగిసిన వెంటనే చెరిపించి, ఖాతా నుండి బయటికి రండి. అంగీకరించు చోట్ల మొదటి ఎనిమిది అంకెలు కనబడని ఆధార్‌ను ఇవ్వండి. మనము నమ్మినవారి చేతిలో ఉన్నదే రెండవ ప్రతి. ఎవరికి పోయినదో తెలియనిది ప్రతి కాదు, అది పోగొట్టుకొన్న తాళపుచెవి.

(ఋ) సంఘ కార్యదర్శులకు ఒక మనవి. బాప్తిస్మ, వివాహ, సభ్యత్వ రిజిస్టరులను సిరాతో వ్రాయుట మానవద్దు. ఫోనులోని పట్టిక ఆ రిజిస్టరుకు సహాయమే గాని దానికి బదులు కాదు. సంవత్సరాంతమున రిజిస్టరుకు జిరాక్సు తీసి, కార్యదర్శి ఇంటిలో కాక మరియొక పెద్ద ఇంటిలో ఉంచండి. కార్యదర్శి మారినప్పుడు పుస్తకములతోపాటు సంఘ ఖాతా పాస్‌వర్డు కూడ అప్పగింత జాబితాలో ఉండవలెను.

సాంచాల మీద పనిచేయు మనకు ఒక అలవాటు ఉన్నది. పోగు తెగిన వెంటనే సాంచా ఆపి ముడివేయుదుము. గుడ్డ మొత్తము పాడైన తరువాత చూచెదమని ఎవరును అనుకొనరు. ఈ విషయములోను ముడివేయవలసినది పోయిన తరువాత కాదు. ఈ వారములోనే ఒక సాయంత్రము కుటుంబమంతయు కూర్చుండి, ఆ రెండు రాసులు వేసి చూడండి.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. ఈ రాత్రి మీ ఫోను పోయిన యెడల, మరల దొరకనివి ఏవి? మూడింటిని చెప్పండి.

2. మీ ఖాతాకు కలిపిన నంబరు ఎవరి పేరున ఉన్నది? ఆ నంబరు ఇప్పుడు పనిచేయుచున్నదా?

3. మీ ఇంటిలో కుండ ఎక్కడ ఉన్నదో ఎరిగిన బారూకు ఎవరు?

4. మన సంఘ రిజిస్టరుకు రెండవ ప్రతి ఉన్నదా? లేని యెడల ఎవరు, ఏ తేదీలోగా తీయించెదరు?